వృషణం పక్కన వచ్చే అరుదైన నిరపాయకర కంతులు: రోగనిర్ధారణ

6.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు వృషణం లోపల ఉన్న గడ్డకూ, వృషణం పక్కన ఉన్న గడ్డకూ తేడా ఎందుకంత ముఖ్యమో వివరించగలుగుతారు. చేతి పరీక్షలోనూ, స్కానింగ్‌లోనూ, సూక్ష్మదర్శిని కిందా ఏయే లక్షణాల కోసం వెతకాలో చెప్పగలుగుతారు. నిరపాయకర కంతిని కేన్సర్ అనీ, కేన్సర్‌ను నిరపాయకర కంతి అనీ పొరబడే సందర్భాలను గుర్తించగలుగుతారు.

6.1 పరిచయం

1980లలో నేను పేథాలజీలో పీజీ చేస్తున్నప్పుడు ఒక రోజు ఫార్మలిన్ సీసాలో ఒక నమూనా వచ్చింది. వృషణం, ఎపిడిడిమిస్, చాలా పొడవు వరకు స్పెర్మాటిక్ కార్డ్, అన్నీ కలిపి తీసేశారు. కాగితం మీద 'వృషణ కేన్సర్ అనుమానం' అని రాసి ఉంది. రోగి వయసు 27. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. నమూనాను కోసి చూస్తే వృషణం లేత గోధుమ రంగులో, మెత్తగా, మామూలుగా ఉంది. గడ్డ దాని లోపల లేదు. ఎపిడిడిమిస్ తోక దగ్గర, ఉసిరిగింజంత పరిమాణంలో, బూడిద కలిసిన తెలుపు రంగులో గట్టిగా ఉంది.

స్లైడు చూసి నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ కొంచెం మొహమాటమే. గ్రంథుల్లాంటి చీలికలు, లోపల ఖాళీలున్న కణాలు, చుట్టూ పీచు కణజాలం కనిపించాయి. ఎక్కడో ఉన్న ఎడినోకార్సినోమా ఇక్కడికి పాకిందని చిత్తు రిపోర్టు రాసేశాను. మా ప్రొఫెసర్ గారు స్లైడు పెట్టకముందే రెండు ప్రశ్నలు అడిగారు. "గడ్డ ఎక్కడుంది? మనిషి వయసెంత?" జవాబు విని, స్లైడు ఒక్క నిమిషం చూసి, నా చిత్తు రిపోర్టు మీద అడ్డంగా గీత గీశారు. అది ఎడినోమటాయిడ్ కంతి. ఎక్కడికీ పాకదు, ప్రాణానికి ప్రమాదం లేదు. వృషణం ముక్కల్లో శుక్రకణాల తయారీ అన్ని దశల్లోనూ చక్కగా జరుగుతూ కనిపించింది. గడ్డను మాత్రమే ఒలిచి తీసేస్తే సరిపోయేది. కానీ వృషణం అప్పటికే సీసాలో ఉంది.

ఈ ఒక్క కేసులో రెండు పొరపాట్లు జరిగాయి. గడ్డ ఎక్కడ ఉందో ఆపరేషన్‌కు ముందు తేల్చుకోకపోవడం మొదటిది. ఎక్కడ ఉందో పట్టించుకోకుండా కణాలను మాత్రమే చూడటం రెండోది. ఆ రెండో పొరపాటు నాది. ఈ పాఠం ఆ రెండింటి గురించే.

6.2 స్థానం ఎందుకు ముఖ్యం

వృషణకోశంలో వృషణం ఒక్కటే ఉండదు. వృషణం వెనక వైపు అంటుకుని ఎపిడిడిమిస్ ఉంటుంది. చుట్టలు చుట్టుకుని ఉంటుంది కాబట్టి చిన్నదిగా కనిపిస్తుంది గాని, దాని నాళాన్ని విప్పి పరిస్తే సుమారు 6 మీటర్ల పొడవుంటుంది. దానికి తల, మొండెం, తోక అని మూడు భాగాలు. తోక నుంచి శుక్రవాహిక బయలుదేరి రక్తనాళాలతో, నరాలతో కలిసి స్పెర్మాటిక్ కార్డ్‌గా గజ్జల మీదుగా పొట్టలోకి వెళుతుంది. వృషణం చుట్టూ ట్యూనికా వెజైనాలిస్ అనే రెండు పొరల సంచి ఉంటుంది. మనం వరిబీజం అనే నీరు చేరేది ఈ పొరల మధ్యనే.

పిండదశలో వృషణం పుట్టేది పొట్ట లోపల, మూత్రపిండాల దగ్గర. అక్కడి నుంచి కిందికి దిగుతూ తన రక్తనాళాలనూ, లింఫ్ నాళాలనూ వెంట తెచ్చుకుంటుంది. పొట్ట గోడ లోపలి పొర అయిన పెరిటోనియంలో కొంత భాగాన్ని కూడా లాక్కొస్తుంది. ట్యూనికా వెజైనాలిస్ అలా వచ్చిందే. ఈ ప్రయాణం గుర్తుంటే ఈ పాఠంలో సగం విషయాలు బట్టీ పట్టకుండానే అర్థమవుతాయి. వృషణ కేన్సర్ గజ్జల్లోని లింఫ్ గ్రంథులకు కాకుండా నేరుగా పొట్టలో మహాధమని పక్కనున్న గ్రంథులకు ఎందుకు పాకుతుందంటే, లింఫ్ దారి అక్కడిది కాబట్టి. వృషణకోశం చర్మం లింఫ్ మాత్రం గజ్జల గ్రంథులకు పోతుంది. పొట్టలో ఉండాల్సిన మీసోథీలియం కణాల కంతులు ఇక్కడ ఎందుకు వస్తాయన్నదానికీ ఇదే జవాబు. అరుదుగా ఎడ్రినల్ గ్రంథి కణజాలపు ముక్క కార్డ్ వెంట దొరుకుతుంది. మరీ అరుదుగా ఎడమ వైపు ప్లీహం ముక్క వృషణానికి అతుక్కుని కనిపిస్తుంది. అవన్నీ దిగివచ్చే దారిలో అంటుకున్నవే.

ఇప్పుడు అసలు విషయం. చేతికి తగిలే గట్టి గడ్డ వృషణం లోపల ఉంటే పదింటిలో తొమ్మిదికి పైగా కేన్సరే. వృషణం బయట ఉంటే ఎక్కువ భాగం నిరపాయకరం. ఒక సెంటీమీటరు అటా ఇటా అన్నదాన్ని బట్టి చికిత్స మారిపోతుంది. అయితే రెండో వాక్యాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఎపిడిడిమిస్ గడ్డల విషయంలో ఉన్నంత ధైర్యం స్పెర్మాటిక్ కార్డ్ గడ్డల విషయంలో పనికిరాదు. పిల్లల్లో, కౌమారంలో రాబ్డోమయోసార్కోమా, పెద్ద వయసులో లైపోసార్కోమా అక్కడ రావచ్చు.

6.3 చేతి పరీక్ష

రోగిని పడుకోబెట్టీ, నిలబెట్టీ రెండు విధాలా చూడాలి. మొదట బాగున్న వైపు పరీక్షించాలి. ఆ మనిషికి మామూలు అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. తర్వాత బొటనవేలు, చూపుడువేలు మధ్య వృషణాన్ని పట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. గడ్డ పైభాగాన్ని వేళ్లతో అందుకోగలుగుతున్నామా? అందకపోతే అది పైనుంచి దిగిన హెర్నియా కావచ్చు. గడ్డ వృషణం నుంచి విడిగా చేతికి తగులుతోందా? చీకటి గదిలో వెనక నుంచి టార్చి వేస్తే వెలుగు ఇవతలికి వస్తోందా?

వెలుగు వస్తే లోపల ఉన్నది నీరు. వరిబీజం, ఎపిడిడిమిస్ తల దగ్గర వచ్చే స్పెర్మాటోసీల్ ఇలా వెలుగుతాయి. కానీ కోస్తా జిల్లాల్లో పనిచేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఫైలేరియా వల్ల వచ్చి ఏళ్ల తరబడి ఉన్న వరిబీజంలో సంచి దళసరి అయిపోతుంది, టార్చి వెలుగు రాదు. వెలుగు రానంత మాత్రాన అది కంతి అనుకోకూడదు. అంతకంటే ముఖ్యం, నీరు ఉన్నంత మాత్రాన వెనక కంతి లేదనుకోకూడదు. లియోమయోమాతోనూ, వృషణ కేన్సర్‌తోనూ కూడా కొందరిలో నీరు చేరుతుంది. ఆ నీటి వెనక ఉన్నది చేతికి తెలియదు.

నిలబడితే సంచిలో వానపాముల్లా తగిలి, పడుకుంటే తగ్గిపోయేది వేరికోసీల్. ఎక్కువగా ఎడమ వైపు వస్తుంది. పడుకున్నా తగ్గకపోతే పొట్టలో సిరను ఏదైనా నొక్కుతోందేమో చూడాలి.

మన దేశంలో కంతి వేషం వేసుకుని వచ్చేవి ముఖ్యంగా రెండు. ఒకటి క్షయ. ఎపిడిడిమిస్ క్షయ తరచుగా తోక దగ్గర మొదలవుతుంది, ఎడినోమటాయిడ్ కంతి కూడా ఎక్కువగా అక్కడే వస్తుంది. అందుకే ఈ రెండింటికీ తికమక. శుక్రవాహిక పూసలదండలా గంటలు గంటలుగా తగలడం, వృషణకోశం వెనక చర్మం మీద చీము కారే రంధ్రం ఉండటం క్షయ వైపు చూపిస్తాయి. మూత్రంలో చీముకణాలుండి మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకపోతే అనుమానం బలపడుతుంది. రెండోది ఫైలేరియా పురుగులు కార్డ్ దగ్గరి లింఫ్ నాళాల్లో చేరి కలిగించే గడ్డ. వీటికి తోడు, కు.ని. ఆపరేషన్ చేయించుకున్న పురుషుల్లో శుక్రవాహిక కోసిన చోట వీర్యం బయటికి చిమ్మి చిన్న గడ్డ కడుతుంది. దీన్ని స్పెర్మ్ గ్రాన్యులోమా అంటారు. ఆ ఆపరేషన్ సంగతి రోగి తనంతట తాను చెప్పడు, మీరే అడగాలి.

అడగడం అంటే గుర్తొచ్చింది. ఈ భాగం గురించి మగవాళ్లు మాట్లాడరు. ఇంట్లో చెప్పరు, స్నేహితుడికి చెప్పరు. మూడు నెలలు, ఆరు నెలలు తమలో తామే బాధపడి చివరికి 'గజ్జల్లో నొప్పి' అని వస్తారు. ఆడ ఆరోగ్య కార్యకర్త ఉంటే అది కూడా చెప్పరు. తలుపు వేసి, కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: టార్చి వెలుగు రాని వాపులు ఏవి? వాటిలో కంతి కానిది ఒకటి చెప్పండి.

6.4 స్కానింగ్, రక్తపరీక్షలు

చేతికి తెలియనిది అల్ట్రాసౌండ్‌కు తెలుస్తుంది. అధిక పౌనఃపున్యం గల లీనియర్ ప్రోబ్‌తో, డాప్లర్ కలిపి చేసే పరీక్ష గడ్డ వృషణం లోపలా బయటా అన్న ప్రశ్నకు దాదాపు ప్రతిసారీ సరైన జవాబు ఇస్తుంది. నీటి సంచా, గట్టి గడ్డా అన్నది కూడా చెబుతుంది. కానీ గట్టి గడ్డ ఏ రకం కంతి అన్నది చాలాసార్లు చెప్పలేదు. స్కానింగ్ రిపోర్టులో 'నిరపాయకరం' అన్న మాట కనిపిస్తే అది ఒక అంచనా అని తెలుసుకోవాలి.

ఫైలేరియా విషయంలో మాత్రం అల్ట్రాసౌండ్ అద్భుతంగా పనిచేస్తుంది. వెడల్పైన లింఫ్ నాళంలో బతికున్న పురుగులు మెలికలు తిరుగుతూ తెర మీద కనిపిస్తాయి. దీన్ని ఫైలేరియా నాట్యం అంటారు. ఒక్కసారి చూసినవారు మరిచిపోరు. అది కనిపించాక ఇక కత్తితో పని లేదు, మందులు చాలు.

ఎంఆర్ఐ అందరికీ అవసరం లేదు. కొవ్వు గడ్డ అని అనుమానం ఉన్నప్పుడు మాత్రం ఎంతో ఉపయోగం. కొవ్వు సంకేతాన్ని అణిచివేసే పద్ధతిలో తీస్తే మామూలు లైపోమా మొత్తంగా నల్లబడిపోతుంది. దళసరి గోడలో, నల్లబడని ముద్దలో మిగిలితే లైపోసార్కోమాను అనుమానించాలి. ట్యూనికా పొర మీద ముడులుగా పెరిగే ఫైబ్రస్ సూడోట్యూమర్‌లో పీచు కణజాలం ఎక్కువ కాబట్టి టీ2 చిత్రాల్లో అది నల్లగా కనిపిస్తుంది. ఇది పేరుకు ట్యూమరే గాని నిజమైన కంతి కాదు, పాత దెబ్బకో వాపుకో శరీరం ఇచ్చిన ప్రతిస్పందన.

రక్తంలో ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ చూస్తారు. వృషణం పక్కన వచ్చే నిరపాయకర కంతుల్లో ఇవి మామూలుగా ఉంటాయి. సెమినోమాలో కూడా చాలాసార్లు మామూలుగానే ఉంటాయి. అందువల్ల పెరిగి ఉంటే అర్థం ఉంది గాని, పెరగలేదన్నదాన్ని బట్టి కేన్సర్ లేదని రాయకూడదు.

6.5 సూదితో తీసి చూడవచ్చా?

దీని మీద ఏకాభిప్రాయం లేదు. నా అభిప్రాయం చెబుతాను. గడ్డ వృషణంలో ఉందన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా వృషణకోశం చర్మం గుండా సూది గుచ్చకూడదు. అక్కడ కేన్సర్ ఉంటే దాని కణాలు చర్మంలోకి వస్తాయి. చర్మం లింఫ్ దారి వేరని పైన చదివాం కదా, అప్పటిదాకా ఒక దారిలో పోయే జబ్బుకు మనమే రెండో దారి తెరిచినట్లవుతుంది. గడ్డ ఎపిడిడిమిస్‌లోనే ఉందని స్కానింగ్ స్పష్టంగా చెప్పి, క్షయో ఫైలేరియానో అనుమానం ఉంటే సన్న సూది పరీక్షకు అర్థం ఉంది. దానివల్ల ఎందరికో ఆపరేషన్ తప్పింది. కార్డ్‌లోని గట్టి గడ్డకు మాత్రం నేను సూదిని ఒప్పుకోను. సార్కోమాలో ఒక మూల కొవ్వు మాత్రమే సూదిలోకి వస్తే తప్పుడు భరోసా ఇచ్చినవాళ్లమవుతాం.

6.6 ముఖ్యమైన కంతులు

వృషణం పక్కన వచ్చే కంతులన్నిటిలో ఎక్కువగా కనిపించేది లైపోమా. స్పెర్మాటిక్ కార్డ్‌లో వస్తుంది, తరచుగా హెర్నియా ఆపరేషన్‌లో బయటపడుతుంది. దాని గురించి చెప్పాల్సింది ఒక్కటే. 50 దాటిన మనిషిలో బాగా పెద్దదైనా, తీసేశాక మళ్లీ వచ్చినా అది లైపోమా కాదేమో అని ఆలోచించాలి. బాగా పరిణతి చెందిన లైపోసార్కోమా సూక్ష్మదర్శిని కింద కూడా మామూలు కొవ్వులాగే కనిపించవచ్చు. ఎండీఎం2 జన్యువు ప్రతులు పెరిగాయా అన్న పరీక్ష ఆ రెండింటినీ విడదీస్తుంది.

ఎపిడిడిమిస్‌లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఎడినోమటాయిడ్ కంతి. ఈ పేరు 1945లో గోల్డెన్, ఆష్ అనే ఇద్దరు పేథాలజిస్టులు పెట్టారు. గ్రంథిలా కనిపిస్తుంది గాని గ్రంథి అని తేల్చి చెప్పలేం అన్న సందిగ్ధం ఆ పేరులోనే ఉంది. అప్పటికి ఇది ఏ కణం నుంచి పుడుతుందో తెలియదు. రక్తనాళం నుంచా, లింఫ్ నాళం నుంచా, గ్రంథి నుంచా అని చాలా కాలం వాదించుకున్నారు. మీసోథీలియం నుంచి పుడుతుందని తర్వాత తేలింది. పెరిటోనియం దిగివచ్చిన కథ ఇక్కడ మళ్లీ గుర్తు తెచ్చుకోండి. స్త్రీలలో గర్భాశయంలోనూ, ఫెలోపియన్ నాళాల్లోనూ ఇదే కంతి ఎందుకు వస్తుందో కూడా దానితో అర్థమవుతుంది.

సాధారణంగా 20 నుంచి 50 ఏళ్ల వారిలో, నొప్పి లేకుండా, నెమ్మదిగా పెరుగుతుంది. చాలాసార్లు 2 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. కోస్తే తెల్లగా, గట్టిగా, ఒకే తీరుగా ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద పీచు కణజాలంలో చీలికలు, గొట్టాలు, ఒక్కో చోట ఒంటరి కణాలు కనిపిస్తాయి. కణాల్లో పెద్ద ఖాళీలుంటాయి. ఒక్కోసారి ఆ ఖాళీ కేంద్రకాన్ని పక్కకు తోస్తుంది, కణం ఉంగరంలా కనిపిస్తుంది. జీర్ణాశయ కేన్సర్ పాకిందనే భ్రమ ఇక్కడే పుడుతుంది. నేను పడ్డది ఈ గోతిలోనే. చీలిక ఒక గోడ నుంచి ఎదుటి గోడకు సన్నని దారాల్లాంటి కణపు పోగులు సాగి ఉండటం ఈ కంతికి మంచి గుర్తు. కేంద్రకాలు చిన్నగా, ఒకే రకంగా ఉంటాయి, విభజన చెందే కణాలు దాదాపు ఉండవు. అంచు మాత్రం ఎప్పుడూ నున్నగా ఉండదు. కొన్నిసార్లు పక్కనున్న వృషణంలోకి కొంచెం చొచ్చుకుపోతుంది, అయినా అది కేన్సర్ కాదు.

ఇప్పుడు మనకు ఇమ్యునో రంగులున్నాయి. కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1, సైటోకెరటిన్ పడితే మీసోథీలియం అని చెప్పవచ్చు. సీఈఏ పడదు కాబట్టి పాకిన ఎడినోకార్సినోమా కాదు. సీడీ31, సీడీ34 పడవు కాబట్టి రక్తనాళపు కంతి కాదు. అయితే మీసోథీలియం రంగులన్నీ ప్రాణాంతకమైన మీసోథీలియోమాలో కూడా పడతాయి. మళ్లీ మళ్లీ నీరు చేరడం, ఆ నీటిలో రక్తం ఉండటం, ట్యూనికా అంతటా కంకుల్లా పెరగడం మీసోథీలియోమా లక్షణాలు. రంగులు పుట్టుక చెబుతాయి, స్వభావం చెప్పేది మాత్రం గడ్డ రూపమూ, కేంద్రకాల తీరూ.

ఎపిడిడిమిస్‌లో తర్వాతి స్థానం లియోమయోమాది. నునుపు కండర కణాల నుంచి వస్తుంది. నిర్ధారణలో పెద్ద చిక్కు లేదు, విభజన కణాలు లెక్కపెట్టి లియోమయోసార్కోమా కాదని తేల్చుకోవాలి.

పాపిల్లరీ సిస్టడినోమా ఇంకా అరుదు. కానీ దీన్ని గుర్తించడం ఒక మనిషికి కాదు, ఒక కుటుంబానికి సంబంధించిన విషయం. వాన్ హిపెల్ లిండౌ అనే వంశపారంపర్య జబ్బులో ఇది వస్తుంది, ముఖ్యంగా రెండు వైపులా ఉంటే ఆ జబ్బు ఉందనే అనుకోవాలి. మూడో క్రోమోజోమ్ మీది ఒక జన్యువు లోపం దీనికి కారణం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. ఆ జబ్బున్నవారికి కంటి రెటీనాలో, చిన్నమెదడులో, వెన్నుపాములో రక్తనాళపు కంతులు, మూత్రపిండాల్లో కేన్సర్, ఎడ్రినల్‌లో ఫియోక్రోమోసైటోమా వస్తాయి. సిస్టడినోమా కణాలు తెల్లగా, ఖాళీగా, అచ్చం మూత్రపిండపు క్లియర్ సెల్ కేన్సర్ కణాల్లా ఉంటాయి. ఒకే మనిషిలో రెండూ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఇది పాకిన కేన్సరా, ఇక్కడే పుట్టిన నిరపాయకర కంతా అన్నది తేల్చాలి. సీకే7 రంగు సిస్టడినోమాలో పడుతుంది, క్లియర్ సెల్ కేన్సర్‌లో సాధారణంగా పడదు.

6.7 ఆపరేషన్ బల్ల మీద

అనుమానం మిగిలిన గట్టి గడ్డను గజ్జల దగ్గర కోసి, కార్డ్‌ను అదుపులో పెట్టుకుని, వృషణాన్ని అక్కడికి తెచ్చి చూస్తారు. వృషణకోశం మీద కోయరు. ఎందుకో మీకు ఇప్పటికే తెలుసు. గడ్డను మాత్రమే తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కు పంపుతారు. కణజాలాన్ని గడ్డకట్టించి, పలచగా కోసి, రంగు వేసి పేథాలజిస్టు అక్కడికక్కడే చూస్తారు. సుమారు 20 నిమిషాల్లో జవాబు వస్తుంది. నిరపాయకరం అంటే వృషణాన్ని తిరిగి వృషణకోశంలోకి దించుతారు. కేన్సర్ అంటే అదే కోతలో పూర్తిగా తీసేస్తారు. ఫ్రోజెన్ సెక్షన్‌లో కణాలు ఉబ్బి, కొంత వికారంగా కనిపిస్తాయి, కాబట్టి తేల్చలేనప్పుడు తేల్చలేమని చెప్పడమే సరైన జవాబు. ఈ సౌకర్యం లేని ఊళ్లో ఉన్న రోగిని అది ఉన్న చోటికి పంపాలి. ముందు తీసేసి తర్వాత రిపోర్టు చూద్దాం అనడం రోగికి న్యాయం కాదు.

6.8 అభ్యాసం

ఒకటి. 34 ఏళ్ల లారీ డ్రైవర్‌కు ఎడమ వృషణం కింది కొసన శనగగింజంత గడ్డ ఆరు నెలలుగా ఉంది. నొప్పి లేదు, జ్వరం లేదు. వృషణం నుంచి విడిగా తగులుతోంది, టార్చి వెలుగు రావడం లేదు. శుక్రవాహిక నున్నగా ఉంది. తర్వాత ఏం చేస్తారు?

జవాబు: అల్ట్రాసౌండ్ చేయించి ఎపిడిడిమిస్ తోకలోనే ఉందని నిర్ధారించుకోవాలి. ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ చూడాలి. క్షయ లక్షణాలు లేకపోయినా మూత్రపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించడం మంచిది. ఎడినోమటాయిడ్ కంతి మొదటి అనుమానం. గజ్జల దగ్గర కోసి, గడ్డను మాత్రమే తీసి, ఫ్రోజెన్ సెక్షన్ చూడాలి. ల్యాబ్‌కు పంపే కాగితం మీద వయసు, గడ్డ ఉన్న చోటు, స్కానింగ్ ఫలితం తప్పకుండా రాయాలి.

రెండు. 22 ఏళ్ల యువకుడికి రెండు ఎపిడిడిమిస్‌లలోనూ గడ్డలున్నాయి. తండ్రికి మూత్రపిండం తీసేశారు, మేనత్తకు చూపు పోయింది. ఏమని అనుమానిస్తారు, ఎవరెవరిని పరీక్షించాలి?

జవాబు: వాన్ హిపెల్ లిండౌ జబ్బు. యువకుడికి కంటి రెటీనా పరీక్ష, మెదడు, వెన్నుపాము ఎంఆర్ఐ, పొట్ట స్కానింగ్ చేయించాలి. వృషణకోశంలో గానీ మరెక్కడైనా గానీ ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేముందు ఫియోక్రోమోసైటోమా లేదని తేల్చుకోవాలి, ఉంటే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతుంది. జన్యుపరీక్షలో లోపం దొరికితే తోబుట్టువులకూ, మేనత్త పిల్లలకూ అదే పరీక్ష చేయించుకోమని చెప్పాలి.